ఊపిరితిత్తుల క్యాన్సర్ మాత్ర: పక్కన చేరే మందులతోనే చిక్కంతా

కీమోథెరపీ అంటే డే కేర్ వార్డు, సెలైన్ స్టాండు, మందు ఎక్కుతున్నంతసేపూ కనిపెట్టుకుని ఉండే నర్సు. టార్గెటెడ్ మాత్ర (క్యాన్సర్ కణంలోని ఒక ప్రత్యేక మార్పును గురిపెట్టే మందు) అంటే ఇంట్లో అల్మారాలో ఒక డబ్బా, రోజూ ఒక వేళకు గ్లాసుడు మంచినీళ్లు. ఉద్యోగానికి వెళ్లొచ్చు, మనవళ్లను స్కూల్లో దింపి రావచ్చు. నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న మనిషికి పాతికేళ్ల కిందట ఊహకు కూడా అందని జీవితం ఇది. అయితే వార్డులో నర్సు, ఫార్మసిస్టు, డాక్టరు పంచుకుని చేసే పనంతా ఇక్కడ పేషెంటు మీదా ఇంట్లోవాళ్ల మీదా పడుతుంది. ఏ వేళకు వేసుకోవాలి, తిన్నాకా తినకముందా, జ్వరమొస్తే ఏ మాత్ర కలపొచ్చు, మోషన్స్ అయితే ఎవరికి ఫోన్ చేయాలి? ఇవన్నీ తేల్చుకోవాల్సింది వాళ్లే.

ఈ మాత్రల సొంత దుష్ప్రభావాల గురించి డాక్టర్లు ముందే చెబుతారు, పరీక్షలతో కనిపెడుతూ ఉంటారు. తేలిగ్గా తప్పించుకోగలిగిన నష్టం వేరే చోట జరుగుతోంది. అలవాటుకొద్దీ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర, మోషన్స్‌కని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్, "ఇంత చిన్నదానికి డాక్టరు గారికి ఫోనెందుకు" అనే మొహమాటం, ఈ మూడింటి గురించే ఎక్కువ చెప్పుకోవాలి.

ముందుగా ఈ మాత్ర ఎవరికి అన్నది. గెఫిటినిబ్ అనే మందును ప్రపంచంలో మొట్టమొదట 2002 జులైలో జపాన్ అనుమతించింది. కొందరిలో గడ్డ అద్భుతంగా కరిగిపోయేది, మరికొందరిలో చలనమే ఉండేది కాదు. కారణం 2004లో తెలిసింది. కణం పెరగమని సంకేతమిచ్చే ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ తాలూకు జన్యువులో మార్పు ఉన్నవారిలోనే ఇది బాగా పనిచేస్తుందని బోస్టన్, న్యూయార్క్ పరిశోధకులు చూపించారు. మన దేశంలో అడినోకార్సినోమా రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారిలో అటూ ఇటూగా నలుగురిలో ఒకరికి ఈ మార్పు కనిపిస్తుంది. ఇంకా తక్కువ మందిలో ఏఎల్‌కే అనే మరో జన్యువులో తేడా ఉంటుంది, వాళ్లకు మందులు వేరు. కాబట్టి బయాప్సీ ముక్క మీద చేసిన జన్యు పరీక్ష రిపోర్టే ఈ చికిత్సకు పునాది. ఒకే జబ్బు కదా అని ఒకరికి మిగిలిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వడం మంచి మనసుతోనే జరుగుతుంటుంది. కానీ ఆ మార్పు లేని మనిషికి ఆ మాత్రతో దుష్ప్రభావాలు తప్ప ఒరిగేదేమీ ఉండదు. పైగా, పనికొచ్చే చికిత్స ఆలస్యమవుతుంది.

ఈజీఎఫ్ఆర్ మార్పుకు వాడేవాటిలో గెఫిటినిబ్ రోజుకు 250 మి.గ్రా., ఎర్లోటినిబ్ 150, అఫాటినిబ్ సాధారణంగా 40, కొత్త తరానికి చెందిన ఓసిమెర్టినిబ్ 80 మి.గ్రా. అన్నీ రోజుకు ఒక్కసారే. ఏఎల్‌కేకు వాడే అలెక్టినిబ్ మాత్రం పూటకు 600 మి.గ్రా. చొప్పున రెండు పూటలా వేసుకోవాలి. అంటే 150 మి.గ్రా. క్యాప్సూల్స్ రోజుకు ఎనిమిది.

తిండి సంగతిలో వీటన్నిటికీ ఒకే నియమం లేదు, గందరగోళం మొదలయ్యేది ఇక్కడే. ఎర్లోటినిబ్‌ను తిండితో వేసుకుంటే ఒంటికి పట్టే మందు బాగా పెరిగి దుష్ప్రభావాలు ఎక్కువవుతాయి. అఫాటినిబ్‌ను నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకుంటే మందు పట్టడం తగ్గుతుంది. ప్రభావాలు ఒకదానికొకటి వ్యతిరేకమైనా రెండింటికీ జాగ్రత్త ఒకటే: తినడానికి కనీసం గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత. అలెక్టినిబ్‌ను కచ్చితంగా తిండితోనే వేసుకోవాలి. కడుపు నిండా తిన్నప్పుడు ఒంటికి పట్టే మందు ఖాళీ కడుపుతో పోలిస్తే సుమారు మూడు రెట్లు. గెఫిటినిబ్‌కు, ఓసిమెర్టినిబ్‌కు ఈ పట్టింపు లేదు, రోజూ ఒకే వేళ పాటిస్తే చాలు. అందుకే పక్క బెడ్ ఆయన ఎలా వేసుకుంటున్నాడో చూసి అలాగే చేయడం పనికిరాదు. ఆయన మాత్ర పేరు వేరు కావచ్చు.

గ్యాస్ మాత్ర

మన దగ్గర ఏ ప్రిస్క్రిప్షన్ చూసినా మొదటి లైన్‌లో ఉండేది పాంటోప్రజోల్, లేకపోతే ఒమెప్రజోల్. ఏ డాక్టరూ రాయకపోయినా ఏళ్ల తరబడి పరగడుపున వేసుకునేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. దాన్ని మందుల లెక్కలోనే వేయరు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని డాక్టరు అడిగితే బీపీ, షుగర్ మాత్రలు చెబుతారు, గ్యాస్ మాత్ర ఊసే ఎత్తరు.

గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఆ ఆమ్లాన్నే గ్యాస్ మాత్ర రోజంతా అణిచి ఉంచుతుంది. ఒమెప్రజోల్‌తో కలిపి వేసుకున్నప్పుడు ఒంటికి పట్టే ఎర్లోటినిబ్ దాదాపు సగానికి పడిపోయినట్టు పరీక్షల్లో తేలింది. గెఫిటినిబ్ విషయంలోనూ ఆమ్లం బాగా తగ్గితే నష్టం అంతే. వేలు పోసి కొన్న మాత్రలో సగం ఇలా వృథా అవుతుంది. పైకి ఏ లక్షణమూ కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. స్కాన్‌లో గడ్డ పెరిగితే "మందు పనిచేయడం లేదు" అనుకుంటారు. ఓసిమెర్టినిబ్‌కు ఈ సమస్య లేదు, ఒమెప్రజోల్‌తో ఒంటికి పట్టే ఆ మందు చెప్పుకోదగ్గంతగా మారదు.

అలాగని గ్యాస్ మాత్రను సొంతంగా ఆపేయమని కాదు. గుండెకు స్టెంట్ వేసి ఆస్పిరిన్ వాడుతున్నవారికి, కడుపులో పుండు ఉన్నవారికి అది అవసరం. గెఫిటినిబ్‌తో తప్పనిసరైతే రెండింటికీ పన్నెండు గంటల ఎడం ఉంచాలని మందు కంపెనీ సూచనల్లోనే ఉంది. ఎర్లోటినిబ్‌తో అయితే ఎడం ఉంచినా చాలదు, ఎందుకంటే ఈ రకం గ్యాస్ మాత్రల ప్రభావం రోజంతా ఉంటుంది. అప్పుడు ఫామోటిడిన్ లాంటి వేరే రకానికి మారి, దాని వేళలు డాక్టరుతో సరిచూసుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. పాంటోప్రజోల్‌లో డోంపెరిడోన్ కలిపిన క్యాప్సూల్ మన మెడికల్ షాపుల్లో చాలా మామూలు. ఓసిమెర్టినిబ్ వాడేవారికి పాంటోప్రజోల్‌తో ఇబ్బంది లేకపోయినా డోంపెరిడోన్‌తో ఉంది. ఈసీజీలో క్యూటీ అనే కొలత ఒకటుంటుంది. అది మరీ సాగితే గుండె లయ తప్పి, మనిషి ఉన్నట్టుండి కుప్పకూలే ప్రమాదం ఉంది. ఓసిమెర్టినిబ్ కొందరిలో దాన్ని సాగదీస్తుంది, డోంపెరిడోన్ కూడా సాగదీస్తుంది. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, జలుబు దగ్గులకు విచ్చలవిడిగా వాడే అజిత్రోమైసిన్, లివోఫ్లోక్సాసిన్ కూడా ఇదే పని చేస్తాయి. అవసరమైనప్పుడు ఈసీజీ తీసి చూసుకుని డాక్టరే వీటిని ఇవ్వొచ్చు. కౌంటర్ దగ్గర నిలబడి అడిగి తెచ్చుకోవాల్సిన మందులు మాత్రం ఇవి కావు.

మోషన్స్ అయినప్పుడు

ఈ మాత్రలతో విరేచనాలు మామూలే. అఫాటినిబ్ వేసుకునేవారిలో దాదాపు అందరికీ, ఓసిమెర్టినిబ్‌తో సగం మందికి పైగా ఏదో ఒక స్థాయిలో అవుతాయి. సాధారణంగా దీని వెనుక ఇన్ఫెక్షన్ ఉండదు. క్యాన్సర్ కణంలో ఈ మందు అడ్డుకునే ప్రొటీనే పేగు పొరలోనూ ఉంటుంది, అందుకే పేగు అదుపు తప్పుతుంది.

ఇంట్లో జరిగేది ఇది. పొద్దున నాలుగుసార్లు అయ్యాక దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్తారు. ఆయన అలవాటు ప్రకారం ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర ఇస్తాడు. వాంతి వచ్చేలా ఉందంటే ఆన్‌డాన్‌సెట్రాన్ ఇంజెక్షన్ చేస్తాడు. ఆయనకు ఓసిమెర్టినిబ్ సంగతి తెలియదు, ఎవరూ చెప్పలేదు. విరేచనాలతో ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం పడిపోయి ఉంటాయి. అవి తగ్గినా క్యూటీ సాగుతుంది. దానికి తోడు ఓసిమెర్టినిబ్, ఆపైన ఆఫ్లోక్సాసిన్, ఆపైన ఆన్‌డాన్‌సెట్రాన్. ఏ ఒక్కదానికీ పెద్దగా లొంగని గుండె కూడా నాలుగూ ఒకే రోజున కలిస్తే తట్టుకోలేకపోవచ్చు. ఇక్కడ ఆర్‌ఎంపీని తప్పుపట్టి లాభం లేదు, ముందే చెప్పి ఉంటే ఆయనే పెద్దాస్పత్రికి పొమ్మనేవాడు.

మాత్ర మొదలుపెట్టిన రోజే విరేచనాలను ఆపే లోపెరమైడ్ రాయించుకుని, ఎలా వాడాలో కాగితం మీద అడిగి పెట్టుకోవడం మేలు. పెద్దలకు మామూలుగా చెప్పేది మొదట 4 మి.గ్రా., తర్వాత విరేచనమైన ప్రతిసారీ 2 మి.గ్రా., డాక్టరు పర్యవేక్షణలో కూడా రోజుకు 16 మి.గ్రా. మించకుండా. పక్కనే ఓఆర్‌ఎస్, ఉప్పేసిన మజ్జిగ, గంజి. మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు మించి అవుతున్నా, ఒక రోజంతా తగ్గకపోయినా, జ్వరమో రక్తమో కనిపించినా, లేస్తే కళ్లు తిరుగుతున్నా ఆ రోజే ఆంకాలజీ (క్యాన్సర్) విభాగానికి ఫోన్ చేయాలి.

టీబీ మందు, ఫిట్స్ మందు

ఇది మన దేశానికి ప్రత్యేకమైన సమస్య. టీబీ ఎక్కువ ఉన్న చోట ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే మొదటి అనుమానం దాని మీదికే పోతుంది. క్యాన్సర్ అని తేలేలోపు కొన్ని నెలలు టీబీ మందులు వాడినవాళ్లు ఆంకాలజీ ఓపీల్లో తరచుగా కనిపిస్తారు. కొందరికి రెండు జబ్బులూ నిజంగానే ఉంటాయి. టీబీ చికిత్సలో కీలకమైన రిఫాంపిసిన్, కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను విపరీతంగా ఉసిగొల్పుతుంది. దాంతో రక్తంలో ఓసిమెర్టినిబ్ నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిపోతుంది, గెఫిటినిబ్ ఇంకా ఎక్కువ తగ్గుతుంది. రిఫాంపిసిన్ ఆపిన వెంటనే ఈ ప్రభావం పోదు, వారాలు పడుతుంది. ఇటీవల టీబీ కోర్సు ముగించిన వారు కూడా ఆ సంగతి, చివరి మాత్ర వేసుకున్న తేదీ చెప్పాల్సిందే. ఏఎల్‌కే మందుల్లో ఒకటైన లోర్లాటినిబ్‌ను రిఫాంపిసిన్‌తో కలిపితే కాలేయం తీవ్రంగా దెబ్బతింటుంది, ఆ జంట పూర్తిగా నిషిద్ధం.

జబ్బు మెదడుకు పాకి ఫిట్స్ వచ్చినప్పుడు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా ఈ మాత్రలను ఇలాగే తినేస్తాయి. లెవెటిరాసిటమ్‌తో ఆ బెడద లేదు. ఫిట్స్ వచ్చి రాత్రికి రాత్రి వేరే ఆస్పత్రిలో చేర్పించాల్సి వస్తే, అక్కడి డ్యూటీ డాక్టరుకు క్యాన్సర్ మాత్ర పేరు చెప్పడం మరిచిపోకూడదు. ఫిట్స్ మందు ఎంపికే దాన్ని బట్టి మారొచ్చు.

ఎర్లోటినిబ్ వాడుతూ బీడీయో సిగరెట్టో చుట్టో మానకపోతే, పొగ వల్ల కూడా ఒంట్లో మందు సగానికి మించి తగ్గుతుంది. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడేవారిలో గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ రక్తస్రావాన్ని పెంచగలవు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే) పరీక్ష మామూలు కంటే తరచుగా చేయించుకోవాలి.

నాటు మందుల సంగతీ ఇక్కడే చెప్పాలి. వంటలో వేసే పసుపుతో భయం లేదు. పసుపు సారం క్యాప్సూళ్లు, పొట్లాల్లో వచ్చే పేరులేని పొడులు, తిప్పతీగ రసం వేరు. కొవిడ్ కాలంలో తిప్పతీగ విరివిగా వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా ఉన్నా, కాలేయం మీద భారం వేసే క్యాన్సర్ మాత్ర వాడుతున్నప్పుడు ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే కొలత) పెరిగితే దేనివల్ల పెరిగిందో తేల్చడం కష్టమవుతుంది. అప్పుడు డాక్టరు ఆపాల్సి వచ్చేది అసలు మాత్రనే.

వేడి చేసిందనుకోవడం

మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో ముఖం, ఛాతీ, వీపు మీద మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి. నోట్లో పూత, గోళ్ల పక్కన చీము, పొడిబారి పగిలే చర్మం. ఇవన్నీ చూసి ఇంట్లో "వేడి చేసింది" అంటారు, సబ్జా నీళ్లు ఇస్తారు. సబ్జా నీళ్లతో నష్టం లేదు. ఆ మాటతో సరిపెట్టుకుని రెండు వారాలు ఊరుకోవడం వల్లే నష్టం. మరికొందరు ఎలర్జీ అనుకుని మాత్ర ఆపేస్తారు. ఈ పొక్కులు సాధారణంగా ఎలర్జీ కావు. చర్మంలోనూ ఉన్న ఈజీఎఫ్ఆర్‌ను మందు అడ్డుకోవడం వల్ల వస్తాయి. టీనేజీ మొటిమలకు వాడే క్రీములు చర్మాన్ని ఇంకా ఎండబెడతాయి, అవి వద్దు. సువాసన లేని మాయిశ్చరైజర్, ఎండలోకి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, గోళ్లు కురచగా కాకుండా తిన్నగా కత్తిరించుకోవడం, అవసరమైతే డాక్టరు రాసే డాక్సీసైక్లిన్ లాంటి మందు. ముందు నుంచే జాగ్రత్త పడితే చాలామందికి మాత్ర ఆపే అవసరం రాదు. కంటి నొప్పి, ఎర్రదనం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే మాత్రం అది చర్మం లెక్కలోకి రాదు, వెంటనే కంటి డాక్టరు చూడాలి.

ఆయాసం

అన్నిటికంటే భయపడాల్సింది దీనికే. 2002లో జపాన్‌లో గెఫిటినిబ్ అమ్మకాలు మొదలైన కొద్ది నెలలకే, ఊపిరితిత్తుల లోపలి కణజాలం వాచి పేషెంట్లు చనిపోతున్నట్టు బయటపడింది. అక్టోబరులో అక్కడ అత్యవసర హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. ఓసిమెర్టినిబ్‌తో ఇది నూటికి ముగ్గురు నలుగురిలో కనిపిస్తుంది, ప్రాణాంతకమయ్యేది అంతకంటే తక్కువ మందిలో. ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్ మీద పోరాడించే చికిత్స) ఇంజెక్షన్ తీసుకున్న కొద్ది నెలల్లోపే ఓసిమెర్టినిబ్ మొదలుపెడితే ముప్పు పెరుగుతుంది. డాక్టరు మారినప్పుడు పాత చికిత్స కాగితాలన్నీ చూపించాల్సింది అందుకే.

ఈ జబ్బులో దగ్గు, ఆయాసం ముందే ఉంటాయి కాబట్టి కొత్తదాన్ని గుర్తుపట్టడం తేలిక కాదు. కొవిడ్ నాటి ఆక్సిమీటరు చాలా ఇళ్లలో ఇంకా ఉంది. మాత్ర మొదలుపెట్టకముందే, కూర్చున్నప్పుడు ఎంత చూపిస్తోంది, వరండాలో నాలుగు చుట్లు నడిచాక ఎంత అని రాసిపెట్టుకోవాలి. తర్వాత ఎప్పుడైనా నిన్న ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేకపోతే, పొడి దగ్గు పెరిగితే, దానికి జ్వరం తోడైతే ఆ అంకెతో పోల్చి చూడొచ్చు. అంకె బాగానే ఉందని మాత్రం ఆగిపోకూడదు. తర్వాతి మాత్ర వేసుకోకముందే డాక్టరుతో మాట్లాడాలి, అందుబాటులో లేకపోతే అత్యవసర విభాగానికి వెళ్లాలి. తొందరగా గుర్తిస్తే మాత్ర ఆపి స్టెరాయిడ్లతో చాలామందిని నిలబెట్టగలుగుతున్నారు. సిటీ స్కాన్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉంది కదా అని ఆగడం ఇక్కడ చాలా ప్రమాదం.

సగం మాత్ర, మర్చిపోయిన మాత్ర

డబ్బు చాలక రోజు విడిచి రోజు వేసుకునేవాళ్లు, ఆ మాట సిగ్గుతో దాచేవాళ్లు ఉన్నారు. ఇది వాళ్ల తప్పు కాదు. 2019లో కేంద్రం 42 క్యాన్సర్ మందులపై వ్యాపారులు వేసుకునే లాభానికి, అంటే ట్రేడ్ మార్జిన్‌కు 30 శాతం పరిమితి పెట్టింది, 2024 బడ్జెట్‌లో ఓసిమెర్టినిబ్‌పై కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. అయినా మధ్యతరగతి ఇంటికి ఇది మోయలేని ఖర్చే. మోస్తరు మందుతో కణాలు చావవు, తట్టుకోవడం నేర్చుకుంటాయి. డబ్బు ఇబ్బందిని డాక్టరుకు ఉన్నదున్నట్టు చెబితే దారులు ఉంటాయి: చవకైన జెనరిక్ గెఫిటినిబ్, కంపెనీల సహాయ పథకాలు, ఆస్పత్రి సోషల్ వర్కర్. టాటా మెమోరియల్ వైద్యులు 2020లో ప్రచురించిన పరిశోధనలో గెఫిటినిబ్‌కు కీమో జోడిస్తే జబ్బు అదుపులో ఉండే కాలం 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది. అంటే చవక మందు చేతకాని మందేమీ కాదు. బిల్లు, బ్యాచ్ నంబరు లేకుండా వాట్సాప్‌లో దొరికే విదేశీ మాత్రల జోలికి మాత్రం పోవద్దు. దుష్ప్రభావాలు భరించలేనప్పుడు డాక్టరే మోతాదు తగ్గించడం వేరు, ఓసిమెర్టినిబ్‌ను 40కి, అఫాటినిబ్‌ను 30కి దించడం చికిత్సలో భాగమే.

వేళ తప్పితే రెండు మాత్రలు కలిపి వేసుకోకూడదు. తర్వాతి మాత్రకు పన్నెండు గంటల లోపే ఉంటే గెఫిటినిబ్, ఓసిమెర్టినిబ్ ఆ పూటకు వదిలేయాలి. వేసుకున్నాక వాంతి అయినా మళ్లీ వేసుకోవద్దు. మింగలేనివారికి ఓసిమెర్టినిబ్‌ను దంచకుండా సగం చిన్న గ్లాసు, అంటే 60 మి.లీ. గ్యాస్ లేని నీళ్లలో వేసి, పలుకులుగా విడిపోయేదాకా కలిపి వెంటనే తాగించవచ్చు. అది పూర్తిగా కరగదు, కాబట్టి గ్లాసు అడుగున మిగిలిందాన్ని మరో గ్లాసు నీళ్లతో తొలిచి అదీ తాగించాలి. వేరే మాత్రలను డాక్టరు చెప్పకుండా ఇలా చేయొద్దు. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఆమెకు అప్పగించకూడదు.

కార్తీక సోమవారాలో రంజాన్ ఉపవాసాలో ఉన్నప్పుడు అలెక్టినిబ్ వాడేవారు ముందుగానే వేళలు అడిగి పెట్టుకోవాలి. విరేచనాలు అవుతున్నవారు ఉపవాసం మానుకోవడమే మంచిది. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు మాత్రలను సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో, అసలు డబ్బాలోనే, జెనరిక్ పేరున్న ప్రిస్క్రిప్షన్‌తో పెట్టుకోవాలి. అక్కడి వేళకు మార్చుకోవడం ఎలాగో బయల్దేరేముందే డాక్టరుతో తేల్చుకోవాలి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన మాత్రలు నమ్మదగ్గవి కావు.

ఇంత జాగ్రత్తగా వాడినా ఈ మాత్రలు ఎప్పటికో ఒకప్పటికి చాలామందిలో పనిచేయడం మానేస్తాయి. అప్పుడు ఏం తిన్నామో, ఏ పూట మర్చిపోయామో అని పేషెంట్లు తమను తాము నిందించుకుంటారు. సరిగ్గా వాడినవారిలోనూ కణాలు కొత్త మార్పులు తెచ్చుకుంటాయి. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ వాడినవారిలో సగం మందికి పైగా టీ790ఎం అనే ఒకే మార్పు దీనికి కారణం, వాళ్లకు ఓసిమెర్టినిబ్ పనిచేస్తుంది. దాన్ని ముందు రక్తపరీక్షతో వెతుకుతారు, దొరక్కపోతే మళ్లీ బయాప్సీ చేస్తారు. ఆ ఫలితం వచ్చేదాకా పాత మాత్రను సొంతంగా ఆపొద్దు. ఉన్నట్టుండి ఆపిన కొద్ది రోజుల్లోనే జబ్బు ఎగసిపడిన సందర్భాలు ఉన్నాయి. ఎప్పుడు ఆపాలో, ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు తేదీలతో సహా రాసిస్తారు.